ఐదు మాడ్యూళ్ళకు ఒకటే తేదీ గడి: కాంపోనెంట్లు ఉమ్మడి చేసుకున్న మా అనుభవం

2022 ఏప్రిల్ 6 సాయంత్రం మిర్యాలగూడలో మా సాఫ్ట్‌వేర్ వాడే ఒక రైస్ మిల్లు నుంచి ఫోన్ వచ్చింది. చేసింది అక్కడి గుమాస్తా, పెద్దాయన. "అమ్మా, ఒకటో తారీకు నుంచి రోజూ లోడ్లు దించుకుంటున్నం. మీ కొత్త రిపోర్టుల నాలుగో తారీకువి ఒక్కటే కనబడుతున్నయి. మిగతా వడ్లు ఏమైనట్టు?" అని అడిగారు. యాసంగి కోతలు అప్పుడే మొదలయ్యాయి. రైతులకు లెక్కగట్టి డబ్బులు ఇవ్వాల్సిన రోజులు. ఆయన గొంతులోని టెన్షన్ నాకు ఇప్పటికీ గుర్తుంది.

నాలుగో తేదీ ఒక్కటే ఎందుకు సరిగ్గా ఉందన్న ప్రశ్నే మాకు దారి చూపించింది. మా సాఫ్ట్‌వేర్‌లోని కొనుగోలు భాగం (మాడ్యూల్) తేదీని మనం రాసే పద్ధతిలోనే, రోజు ముందు నెల తర్వాత, 05/04/2022 అని ఉత్త అక్షరాలుగా పంపేది. రిపోర్టుల మాడ్యూల్ వాటిని నేరుగా బ్రౌజర్లో నడిచే ప్రోగ్రామింగ్ భాష అయిన జావాస్క్రిప్ట్ డేట్‌కు అప్పగించేది. బ్రౌజర్లు అలాంటి రాతను అమెరికా పద్ధతిలో, నెల ముందు రోజు తర్వాత అని చదువుకుంటాయి. అలా ఏప్రిల్ 5 కాస్తా మే 4 అయింది. ఒకటో తేదీ లోడ్లు జనవరి 4 కింద, రెండో తేదీవి ఫిబ్రవరి 4 కింద చేరాయి. 04/04 మాత్రం ఎటు నుంచి చదివినా ఒకటే. ఇంకో వారం గడిచి 13వ తేదీ వచ్చి ఉంటే, పదమూడో నెల లేదు గనక, తెరమీద ఇన్వాలిడ్ డేట్ అని పడేది.

ఆ రాత్రే రిపోర్టుల్లో ఆ లైను సరిచేసి పంపాం. అయితే మిగతా మాడ్యూళ్ళలో తేదీలు ఎలా వెళ్తున్నాయో చూద్దామని తెరిచాకే అసలు పని ఎంతుందో తెలిసింది.

మాది హైదరాబాదులో చిన్న కంపెనీ. రైస్ మిల్లులకు సాఫ్ట్‌వేర్ చేస్తాం. కొనుగోలు, గోదాము, బిల్లింగ్, జీతాలు, రిపోర్టులు అని ఐదు మాడ్యూళ్ళు. మిల్లు వాళ్ళకు ఒకటే లాగిన్, ఒకటే సైటు. లోపల మాత్రం ఐదు వేరు వేరు రియాక్ట్ (తెరలు కట్టడానికి వాడే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) అప్లికేషన్లు, ఐదు రెపోలు (కోడ్ దాచే చోట్లు). వేరు వేరు సంవత్సరాల్లో వేరు వేరు మనుషులు కట్టినవి. ప్రతి దాంట్లోనూ 'షేర్డ్' అనే ఫోల్డరు ఉంది. మొదటి మాడ్యూల్లోని ఫోల్డరును రెండో దాంట్లోకి కాపీ చేశారు, అక్కడి నుంచి మూడో దాంట్లోకి. కాపీ అయిన మర్నాటి నుంచే ఎవరి అవసరానికి వాళ్ళు మార్చుకున్నారు. పేరు ఒకటే, లోపలి సరుకు వేరు.

గోదాము మాడ్యూల్ సంగతి చూడండి. అది తేదీని టుఐఎస్ఓస్ట్రింగ్ అనే ఫంక్షన్‌తో మార్చి పంపేది. ఆ ఫంక్షన్ మన సమయాన్ని యూటీసీలోకి (ప్రపంచ ప్రామాణిక సమయంలోకి) మారుస్తుంది. మనం యూటీసీ కంటే 5 గంటల 30 నిమిషాలు ముందుంటాం కాబట్టి, ఇక్కడ ఏప్రిల్ 5 మొదలయ్యే అర్ధరాత్రి 12 గంటలకు అక్కడ ఇంకా ఏప్రిల్ 4 సాయంత్రం 6:30. గంటల భాగం తీసేసి తేదీ మాత్రం దాచుకుంటే ప్రతి ఎంట్రీ ఒక రోజు వెనక్కి పోతుంది. ఇది గోదాము మాడ్యూల్ రాసినవాళ్ళకు తెలుసు. అందుకే చూపించేటప్పుడు ఒక రోజు కలిపి చూపిస్తున్నారు. ఆ కలిపే ఒక రోజు సంగతి మిగతా నాలుగు మాడ్యూళ్ళకు తెలియదు.

మరుసటి వారం ఐదు మాడ్యూళ్ళలోని స్క్రీన్లన్నీ ప్రింట్ తీసి మీటింగ్ గది గోడకు అంటించాను. కంప్యూటర్లో ఒక్కొక్కటిగా చూస్తే తేడా కనబడదు, పక్కపక్కన పెడితే దాచినా దాగదు. సేవ్ బటన్ ఒక మాడ్యూల్లో కుడివైపు, ఇంకోదాంట్లో ఎడమవైపు. ఆకుపచ్చ రంగులే నాలుగు రకాలు. కొనుగోలులో ఎంటర్ నొక్కితే తర్వాతి గడికి వెళ్తుంది, బిల్లింగులో ఎంటర్ నొక్కితే ఫారం సేవ్ అయిపోతుంది. మిల్లు గుమాస్తాలు ట్యాలీ మీద చెయ్యి తిరిగినవాళ్ళు. ఎంటర్ అంటే వాళ్ళకు 'తర్వాతి గడి' అనే అర్థం. బిల్లింగులో సగమే నింపిన బిల్లులు ఎందుకు సేవ్ అవుతున్నాయని మేము ఏడాదిగా తల పట్టుకుంటున్నాం. జవాబు ఆ గోడ మీద దొరికింది.

ఆ గోడను మా మేనేజరుకు చూపించి ఆరు వారాల గడువు అడిగాను. నాకు, ఇంకో తోటి డెవలపర్‌కు అనుమతి వచ్చింది. ఉమ్మడిగా చేయాల్సినవి ఐదే అనుకున్నాం: బటన్, రాత గడి, తేదీ గడి, డైలాగ్ (పేజీ మీద తెరుచుకునే చిన్న పెట్టె), పట్టిక. తెరను కట్టే ఇలాంటి ముక్కలనే కాంపోనెంట్లు అంటాం.

మొదట తేదీ గడి మొదలుపెట్టాం. కోడ్ రాయడానికి ముందు ఒక కాగితం మీద రెండే వాక్యాలు రాసుకున్నాం. ఈ గడి లోపలికి తీసుకునేదీ బయటికి ఇచ్చేదీ 2022-04-05 రూపంలో ఉన్న అక్షరాలే, డేట్ ఆబ్జెక్ట్ కాదు. మనిషికి చూపించేది మాత్రం ఎప్పుడూ 05-04-2022. అంతే. రంగు ఏమిటి, క్యాలెండర్ బొమ్మ ఎక్కడ అన్నవన్నీ తర్వాత. ఇన్నేళ్ళ తర్వాత కూడా నేను గట్టిగా నమ్మేది ఇదే. కాంపోనెంట్‌ను ఉమ్మడి చేయడం అంటే ముందుగా అది ఏం తీసుకుంటుందో, ఏం ఇస్తుందో ఒప్పందం చేసుకోవడం. రూపం దాని వెనకాల వస్తుంది. మా ఐదు 'షేర్డ్' ఫోల్డర్లలోనూ రూపం కాస్త అటూ ఇటూగా ఒకటే. ఒప్పందమే లేదు.

ఐదింటినీ ఒక ఎన్‌పీఎం ప్యాకేజీగా చేసి మా సొంత రిజిస్ట్రీలో (ప్యాకేజీల గిడ్డంగిలో) పెట్టాం. ఎన్‌పీఎం అంటే జావాస్క్రిప్ట్ కోడ్‌ను ప్యాకేజీలుగా పంచుకునే సాధనం. ప్యాకేజీని ప్రతిసారీ పబ్లిష్ చేయకుండా సొంత మెషీన్ మీదే పరీక్షించడానికి ఎన్‌పీఎం లింక్ వాడాం. తెర తెల్లగా అయిపోయి, కన్సోల్‌లో ఇన్వాలిడ్ హుక్ కాల్ అనే ఎర్రర్ వచ్చింది. మా హుక్స్ (కాంపోనెంట్లు తమ స్థితిని గుర్తుంచుకోవడం లాంటి పనులకు వాడే రియాక్ట్ ఫంక్షన్లు) అన్నీ సరిగ్గానే ఉన్నాయి. రెండు రోజులు కోడ్‌లో వెతికాం. తప్పు కోడ్‌లో లేదు. లింక్ చేసినప్పుడు మా ప్యాకేజీ తన ఫోల్డరులోని రియాక్ట్‌ను తెచ్చుకుంటోంది, అప్లికేషన్ తన రియాక్ట్‌ను తెచ్చుకుంటోంది. ఒకే పేజీలో రెండు రియాక్ట్‌లు. హుక్స్ పనిచేయాలంటే కాంపోనెంట్లూ, వాటిని తెరమీదికి తెచ్చే రియాక్ట్ డామ్ కూడా ఒకే రియాక్ట్ కాపీని వాడాలి. ప్యాకేజీలో రియాక్ట్‌ను పీర్ డిపెండెన్సీగా (వాడే అప్లికేషనే సమకూర్చాల్సినదిగా) రాసి, బిల్డ్ (కోడ్‌ను బ్రౌజరుకు పంపే ఫైళ్ళుగా కట్టడం) సెట్టింగుల్లో రియాక్ట్ ఎప్పుడూ అప్లికేషన్ ఫోల్డరు నుంచే రావాలని దారి కట్టాక సర్దుకుంది. ఉమ్మడి ప్యాకేజీ చేసేవాళ్ళలో చాలామంది ఈ గుంటలో ఒకసారి పడతారు. ఎర్రర్ మాట హుక్స్ గురించి ఉంటుంది కాబట్టి హుక్స్‌లోనే వెతుకుతాం.

ఆ తర్వాతి దెబ్బ నేరుగా వాడుకదారులకు తగిలింది. ఒక్క బటన్ వాడినా ప్యాకేజీ మొత్తం బిల్డ్‌లోకి వస్తోందని జీతాల టీం అంది. నిజమే. ఎవరూ వాడని కోడ్‌ను వెబ్‌ప్యాక్ (మా బిల్డ్ చేసే సాధనం) వదిలేయాలంటే, ఈ ప్యాకేజీలోని ఫైళ్ళు ఇంపోర్ట్ అయినంత మాత్రాన వేరే పనేమీ చేయవని మనం హామీ ఇవ్వాలి. దానికి ప్యాకేజీ వివరాలుండే ప్యాకేజ్ డాట్ జేసన్‌లో సైడ్ఎఫెక్ట్స్ అనే చోట ఫాల్స్ అని రాస్తారు. నేను రాశాను. నా మెషీన్ మీద అంతా బాగుంది. ప్రొడక్షన్‌కు, అంటే మిల్లులు వాడే అసలు సైటుకు, వెళ్ళిన రోజు బటన్లకు రంగులు లేవు, డైలాగులు పేజీ అడుగున విడిగా పడి ఉన్నాయి. రంగులు, కొలతలు చెప్పే సీఎస్ఎస్ ఫైలును కాంపోనెంట్ ఇంపోర్ట్ చేసుకుంటుంది గానీ దాని నుంచి ఏ పేరునూ తెచ్చుకోదు. నేనిచ్చిన హామీ ప్రకారం అది ఎవరూ వాడని ఫైలు. అందుకే వెబ్‌ప్యాక్ దాన్ని వదిలేసింది. మా డెవలప్‌మెంట్ సెట్టింగుల్లో ఆ కోత జరగలేదు కాబట్టి మాకు కనబడలేదు. సీఎస్ఎస్ ఫైళ్ళకు మాత్రం ఆ హామీ వర్తించదని అదే చోట రాయడంతో అరగంటలో సరిచేశాం. కానీ ఆ అరగంటలో ఒక మిల్లులో జీతాల చెల్లింపు ఆగింది. అప్పటి నుంచి ప్యాకేజీలో ఏ చిన్న మార్పు చేసినా, ప్రొడక్షన్ బిల్డ్ తీసి కళ్ళతో చూడకుండా రిలీజ్ చేయలేదు.

వీటన్నిటికన్నా ఎక్కువ అలసట తెప్పించింది వెర్షన్ల వ్యవహారం. పద్ధతి తెలిసిందే: పాత కోడ్‌ను విరగ్గొట్టే మార్పయితే మొదటి అంకె పెంచాలి, కొత్త సదుపాయమైతే రెండోది, తప్పు దిద్దితే మూడోది. చదవడానికి చాలా శుభ్రంగా ఉంటుంది. ఆరు నెలలు గడిచేసరికి కొనుగోలు 4వ వెర్షన్‌లో ఉంది, బిల్లింగు 2లో, జీతాలు 1లో. తేదీ గడిలో దిద్దిన తప్పు బిల్లింగుకు అందాలంటే వాళ్ళు రెండు పెద్ద మార్పులు దాటి రావాలి. మార్చి నెలాఖరు ముందు, జీఎస్టీ బిల్లుల ఒత్తిడిలో, వాళ్ళకు తీరిక ఎక్కడిది? బిల్లింగ్ లీడ్ నా దగ్గరికి వచ్చి, "నువ్వు మంచి ఉద్దేశంతోనే చేస్తున్నావు, కాదనను. కానీ నా రిలీజ్ నీ ప్యాకేజీ చేతిలో ఎందుకుండాలి? నా కాపీ నాకుంటే నేనే దిద్దుకుందును కదా" అన్నారు. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. ఆయన అన్నది సబబే. మార్పు చేసేది నేను, ఆ మార్పుకు తమ కోడ్‌ను సర్దుకునే భారం వాళ్ళది. ఇలాంటి ఏర్పాటు ఎన్నాళ్ళో నిలవదు.

మధ్యలో రెండు వారాలు మాడ్యూల్ ఫెడరేషన్ ప్రయత్నించాం. వెబ్‌ప్యాక్ 5తో 2020లో వచ్చిన పద్ధతి అది. కాంపోనెంట్లను బిల్డ్ సమయంలో కలుపుకోకుండా, పేజీ నడుస్తుండగా సర్వరు నుంచి తెచ్చుకోవచ్చు. నేను రిలీజ్ చేసిన మరుక్షణం అందరికీ కొత్తది వెళ్తుంది. మమ్మల్ని భయపెట్టింది కూడా అదే. నా తప్పు ఒక్కటి ఐదు మాడ్యూళ్ళనూ ఒకేసారి, వాళ్ళ పరీక్షలు ఏవీ నడవకుండానే పడగొట్టగలదు. విడివిడిగా రిలీజ్ చేసుకునే పెద్ద టీములకు అది ఉపయోగమే. పదిమంది లోపున్న మాకు అది అక్కర్లేదనిపించి పక్కన పెట్టాం.

2023లో ఐదు రెపోలనూ, ప్యాకేజీనీ ఒకే రెపోలోకి తెచ్చాం. పీఎన్‌పీఎం వర్క్‌స్పేస్ వాడాం. ఇందులో ప్యాకేజీకి రిజిస్ట్రీతో పనిలేదు, ఏ మాడ్యూల్ అయినా పక్క ఫోల్డరులో ఉన్నదాన్నే వాడుకుంటుంది. పాత గిట్ చరిత్ర (కోడ్‌లో ఎప్పుడు ఏం మారిందన్న రికార్డు) పోకుండా తేవడానికి నాలుగు వారాంతాలు పట్టింది. అన్నిటికన్నా చివర జీతాల మాడ్యూల్ వచ్చింది. దాని రియాక్ట్ వెర్షనే చాలా పాతది.

దీంతో నియమం తిరగబడింది. తేదీ గడి ఒప్పందం మార్చాలనుకుంటే, దాన్ని వాడే ఐదు చోట్లా నేనే మార్చి, ఐదు మాడ్యూళ్ళ పరీక్షలూ నెగ్గించి, ఒక్క మార్పుగా, ఒకే కమిట్‌గా పెట్టాలి. భారం మార్చేవాళ్ళ మీదికి వచ్చింది. బిల్లింగ్ లీడ్ అడిగిన ప్రశ్నకు జవాబు ఇచ్చుకోగలిగాను. ఆయన కూడా ఆ తర్వాత తన కాపీ మాట ఎత్తలేదు. పైగా డైలాగ్‌లో ఎస్కేప్ నొక్కితే టైపు చేసినదంతా పోతోందని కనిపెట్టి, ఆయనే వచ్చి ఉమ్మడి కోడ్‌లో దిద్దారు.

తెలుగు అక్షరాల సంగతి విడిగా చెప్పాలి. ఈ పని మొత్తంలో నాకు బాగా ఇష్టమైన భాగం అది. మా సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి మార్చుకునే వీలుంది. చాలా మిల్లుల్లో కాటా దగ్గరి వాళ్ళు తెలుగులోనే వాడతారు. మా బటన్‌కు ఎత్తు 32 పిక్సెళ్ళు, లైన్ హైట్ (అక్షరాల సైజుకు వరుస ఎత్తు ఎన్ని రెట్లో) 1, పొంగినది కనబడకుండా కోత. ఇంగ్లీషు మాటకు ఇది చాలు. తెలుగులో 'రద్దు', 'చెల్లింపు' అని పెడితే కింద ఒత్తు సగానికి తెగిపోయేది. 'పూర్తి'లో తకారపు ఒత్తు కింద ఉంటుంది, గుడి పైన ఉంటుంది. పైకీ కిందికీ రెండువైపులా చోటు కావాలి. ఐదు మాడ్యూళ్ళలో ఐదు బటన్లు ఉన్నప్పుడు ఎవరో ఒకరు తమ దాంట్లో సర్దుకునేవారు, మిగతా చోట్ల ఒత్తులు తెగుతూనే ఉండేవి. ఉమ్మడి బటన్‌లో స్థిరమైన ఎత్తు తీసేసి కనీస ఎత్తు పెట్టాం. లైన్ హైట్ 1.6 చేశాం, కోత తీసేశాం. స్టోరీబుక్‌లో (కాంపోనెంట్లను విడిగా చూపించే సాధనంలో) ప్రతి కాంపోనెంట్‌కూ మొదటి నమూనా తెలుగులోనే ఉండాలని నియమం పెట్టుకున్నాం. ఇంగ్లీషులో సరిపోయింది తెలుగులో సరిపోకపోవచ్చు గానీ, తెలుగుకు సరిపోయింది దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషుకు సరిపోతుంది.

పట్టికలోనూ ఇలాంటిదే ఒకటి. రైతు పేరు పొడుగైతే పన్నెండు అక్షరాల దగ్గర కోసి చుక్కలు పెట్టే కోడ్ ఉండేది. జావాస్క్రిప్ట్ దృష్టిలో 'శ్రీ' ఒక అక్షరం కాదు, నాలుగు: శకారం, పొల్లు, రకారం, గుడిదీర్ఘం. కోత వాటి మధ్యలో పడితే పేరు 'శ్' దగ్గర ఆగిపోతుంది. తన పేరు అలా విరిగి కనిపిస్తే ఆ రైతుకు ఎలా ఉంటుంది? కోడ్‌తో కోయడం మానేసి, చోటు చాలకపోతే చుక్కలు పెట్టే పని సీఎస్ఎస్‌కే వదిలేశాం. లెక్కపెట్టక తప్పని చోట జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న Intl.Segmenter వాడాం. అది గుణింతపు గుర్తులను అక్షరం నుంచి విడదీయదు. ఫైర్‌ఫాక్స్‌లోకి అది 2024లో గానీ రాలేదు కాబట్టి అంతవరకు ఆ బ్రౌజరుకు వేరే ఏర్పాటు ఉంచాం.

పట్టిక గురించి చెబుతున్నాను కాబట్టి, అక్కడ చేసిన పెద్ద తప్పు కూడా చెప్పాలి. తేదీ గడి బాగా కుదిరిందన్న ఉత్సాహంలో పట్టికను కూడా అలాగే చేద్దామనుకున్నాను. గోదాము వాళ్ళు బస్తాల మొత్తం కింద చూపించాలన్నారు, ఒక ప్రాప్ (కాంపోనెంట్‌కు బయటి నుంచి ఇచ్చే సెట్టింగు) కలిపాను. బిల్లింగు వాళ్ళు రద్దైన బిల్లులకు అడ్డగీత కావాలన్నారు, ఇంకో ప్రాప్. రిపోర్టుల వాళ్ళు క్వింటాళ్ళను టన్నుల్లో చూపాలన్నారు, ఇంకొకటి. ఒక రోజు లెక్కపెడితే 43 ప్రాప్‌లు ఉన్నాయి. వాటిలో ఒకదాని పేరు 'బిల్లింగా కాదా'. ఉమ్మడి పట్టికకు తనను ఎవరు వాడుతున్నారో తెలియాల్సి వచ్చిందంటే అది ఉమ్మడిది కాదు, ఐదు పట్టికలను ఒకే ఫైల్లో కుక్కినట్టే. గోదాము కోసం ఒకటి మారిస్తే రిపోర్టులు చెడిపోయేవి.

దాన్ని విడగొట్టడానికి రెండు నెలలు పట్టింది. ఉమ్మడిగా ఉంచింది చాలా కొద్ది: వరుసలు, గడులు, తలవరుస కదలకుండా నిలబడటం, కీబోర్డు బాణాలతో తిరగడం, అంకెలను మన పద్ధతిలో 1,00,000 అని కామాలు పెట్టి కుడివైపు సర్దడం. మొత్తాలు, అడ్డగీతలు, టన్నులు ఎవరి మాడ్యూల్లో వాళ్ళు ఆ చిన్న ముక్కలతో కట్టుకుంటారు. చూడటానికి కోడ్ కొంత రెండుసార్లు రాసినట్టుంటుంది. ఉండనివ్వండి అంటాను. ఇప్పుడు మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఏదైనా మూడు మాడ్యూళ్ళలో నిజంగా ఒకేలా కనిపించే వరకు ఉమ్మడి ఫోల్డరులోకి తేము. రెండు చోట్ల ఒకేలా ఉందంటే చాలాసార్లు అది తాత్కాలికమే.

జీతాల మాడ్యూల్లోని హాజరు పట్టిక ఇప్పటికీ పాతదే. నెలలోని 31 రోజులూ అడ్డంగా, హమాలీల పేర్లు నిలువుగా ఉండే ఆ స్క్రీన్ మా ముక్కల్లో దేనికీ కుదరలేదు. దాన్ని బలవంతంగా తేవాలని నాకు లేదు.

2024 యాసంగిలో మిర్యాలగూడ గుమాస్తా మళ్ళీ ఫోన్ చేశారు. ఈసారి ఫిర్యాదు కాదు. "అమ్మా, ట్యాలీల 5 కొట్టి ఎంటర్ కొడితే ఈ నెల ఐదో తారీకు తీసుకుంటది. మీ దాంట్ల మొత్తం కొట్టాల్సి వస్తుంది. రోజుకు రెండు వందల చీటీలు కొడుతం మేము" అన్నారు. తేదీ గడిలో ఇరవై లైన్లు కూడా పట్టలేదు. గడి ఇచ్చేది మాత్రం మొదటి రోజు కాగితం మీద రాసుకున్న రూపమే కాబట్టి మాడ్యూళ్ళలో ఏమీ మార్చాల్సిన పని రాలేదు. పరీక్షలు నడిపి, ప్రొడక్షన్ బిల్డ్ తీసి చూసి, సాయంత్రం ఆరింటికి రిలీజ్ చేశాం. ఏడు గంటలకు ఆయనకు ఫోన్ చేసి ఒకసారి చూడమన్నాను. ఫోన్ స్పీకరులో పెట్టి కొనుగోలులో ఒకసారి, గోదాములో ఒకసారి, బిల్లింగులో ఒకసారి 5 నొక్కారు. ఎంటర్ కొట్టిన చప్పుడు మూడుసార్లు వినపడింది. "అన్నిట్ల అయింది" అన్నారు.